యాషెస్ అంటే పొయ్యిలో బూడిద కాదు: ఆ పేరు ఎలా పుట్టింది, ఎప్పుడు ఎవరికి దక్కుతుంది

అడిగిన ప్రశ్న ఇది: ఇంగ్లండ్, ఆస్ట్రేలియా ఆడుకునే టెస్ట్ సిరీస్‌కు 'బూడిద' అని పేరేమిటి? ఆ చిన్న కుండలో నిజంగానే బూడిద ఉందా? సిరీస్ సమమైతే అదెవరికి పోతుంది?

చిక్కంతా 'బూడిద' అన్న తర్జుమాతోనే మొదలవుతుంది. తెలుగులో బూడిద అనగానే పొయ్యి గుర్తొస్తుంది, అంట్లు తోమడం గుర్తొస్తుంది, 'బూడిదలో పోసిన పన్నీరు' గుర్తొస్తుంది. యాషెస్ అన్న పేరులో ఉన్నది ఆ బూడిద కాదు. చితి చల్లారాక మిగిలేది. మన మాటల్లో చెప్పాలంటే అస్థికలు, చితాభస్మం. చావు ఇంటి మాట అది. ఆ అర్థంతో చదివితే 140 ఏళ్ల నాటి ఆ వెటకారం ఇంగ్లిష్ వాళ్లకన్నా మనకే తొందరగా ఎక్కుతుంది. ఎందుకో కాస్త కిందకు వచ్చాక చెబుతాను.

ముందు మ్యాచ్ సంగతి. 1882 ఆగస్టు 28న లండన్‌లోని ఓవల్ మైదానంలో టెస్ట్ మొదలైంది. సిరీస్ కాదు, ఒకే ఒక్క టెస్ట్. వానకు తడిసిన పిచ్. ఆస్ట్రేలియా మొదటి ఇన్నింగ్స్‌లో 63కే కుప్పకూలింది. ఇంగ్లండ్ 101 చేసింది. రెండో ఇన్నింగ్స్‌లో హ్యూ మాసీ ధాటిగా 55 కొట్టడంతో ఆస్ట్రేలియా 122 దాకా వెళ్లింది. ఇంగ్లండ్ గెలవాలంటే 85 చేయాలి. చేతిలో పది వికెట్లు, జట్టులో ఆ కాలపు మేటి బ్యాట్స్‌మన్ డబ్ల్యూ.జి. గ్రేస్.

అంతకు కాస్త ముందే ఒక గొడవ జరిగింది. ఆస్ట్రేలియా బ్యాటింగ్ చేస్తుండగా శామీ జోన్స్ అనే కుర్రాడు పరుగు పూర్తి చేసి, బంతి ఆట ముగిసిందనుకుని క్రీజు దాటి పిచ్ మీది ఎగుడుదిగుడును బ్యాట్‌తో సరిచేయడానికి వెళ్లాడు. బంతి పట్టుకుని ఉన్న గ్రేస్ బెయిల్స్ పడగొట్టి అవుట్ అడిగాడు. అంపైర్ ఇచ్చాడు. రూలు ప్రకారం తప్పు పట్టడానికి లేదు. కానీ ఆస్ట్రేలియన్లకు ఒళ్లు మండిపోయింది, అందరికన్నా ఎక్కువగా వాళ్ల ఫాస్ట్ బౌలర్ ఫ్రెడ్ స్పాఫర్త్‌కు. 2 వికెట్లకు 51 దాకా సాఫీగా సాగిన ఇంగ్లండ్ ఆ తరవాత పేకమేడలా కూలి 77కు ఆలౌటైంది. 7 పరుగుల తేడా. స్పాఫర్త్ మొదటి ఇన్నింగ్స్‌లో 46 పరుగులకు 7, రెండోదాంట్లో 44 పరుగులకు 7, మొత్తం 90 పరుగులకు 14 వికెట్లు తీశాడు. చివరి బ్యాట్స్‌మన్ టెడ్ పీట్ బ్యాట్ ఎత్తి కొట్టబోయి బౌల్డ్ అయ్యాడు. అవతలి ఎండ్‌లో ఆ సీజన్‌లోనే ఆస్ట్రేలియన్ల మీద సెంచరీలు చేసిన సి.టి. స్టడ్ ఒక్క బంతి కూడా ఆడకుండా నిలబడిపోయాడు.

ఇంగ్లండ్ గడ్డ మీద ఆస్ట్రేలియా గెలిచిన మొదటి టెస్ట్ అది. అప్పటికి ఆస్ట్రేలియా ఒక దేశం కూడా కాదు. విడివిడి బ్రిటిష్ వలసలు అన్నీ కలిసి ఒక సమాఖ్య అయింది 1901 జనవరి 1న. అంటే ఓడించింది పొరుగు దేశం కాదు, తామే పంపించిన జనం. ఆటను కనిపెట్టింది మేమే అనుకునే వాళ్లకు ఇది పరువు మీద దెబ్బ.

లండన్ పత్రికలు దుఃఖాన్ని వెటకారంగా మార్చుకున్నాయి. చాలామంది చెప్పనిది ఏమిటంటే, మొదటి వెటకార సంతాప ప్రకటన 'అస్థికల' ప్రకటన కాదు. ఆగస్టు 31న 'క్రికెట్' అనే వారపత్రికలో ఒకటి వచ్చింది. ఆ పత్రిక సంపాదకుడు చార్లెస్ ఆల్కాక్. క్రికెట్ మైదానంలో ఇంగ్లండ్ ఆధిపత్యం ఆగస్టు 29న ఓవల్‌లో కన్నుమూసిందని రాసి, చివర చిన్న చమత్కారం పెట్టారు. 'ప్రశాంతంగా కన్నుమూశారు' అనడానికి ఇంగ్లిష్ సంతాప ప్రకటనల్లో వాడే వాక్యంలో 'పీస్' అన్న మాట తీసేసి 'పీట్' అని వేశారు. చివరి వికెట్‌గా పడినవాడి పేరు. నిజం చెప్పాలంటే ఆ చమత్కారమే రెండోదానికన్నా పదునైనది. కానీ అది ఆ వారంతోనే పోయింది. పేర్ల మీద శ్లేషలు ఆ మనుషులు మరుగయ్యాక బతకవు.

రెండోది సెప్టెంబర్ 2న 'స్పోర్టింగ్ టైమ్స్'లో వచ్చింది. గులాబీ రంగు కాగితం మీద అచ్చయ్యే పత్రిక, గుర్రప్పందేల కబుర్లకు పేరు. రాసినవాడు రెజినాల్డ్ షర్లీ బ్రూక్స్. మన జిల్లా ఎడిషన్లలో చివరి పేజీల్లో నల్ల గళ్లు కట్టి వేసే శ్రద్ధాంజలి ప్రకటన చూశారుగా, అచ్చం అదే అచ్చులో ఉంటుంది. తెలుగులో దించితే ఇలా: 'ప్రేమతో స్మరిస్తూ. 1882 ఆగస్టు 29న ఓవల్‌లో మరణించిన ఇంగ్లిష్ క్రికెట్‌కు. శోకతప్తులైన అనేకమంది మిత్రులు, పరిచితులు తీవ్రంగా విలపిస్తున్నారు. ఆత్మకు శాంతి.' ఇక్కడితో ఆగితే ఇది మరో మామూలు జోకు. కింద గమనిక అని ఇంకో వాక్యం ఉంది: 'దేహాన్ని దహనం చేసి అస్థికలను ఆస్ట్రేలియాకు తీసుకుపోతారు.' మన ప్రకటనల్లో దినకర్మ ఫలానా తేదీ, ఫలానా చోట అని కింద వేస్తారే, అలాంటి గమనిక.

ఈ వాక్యంలోని కొంటెతనం ఇప్పటి ఇంగ్లిష్ పాఠకుడికి సగమే అందుతుంది. 1882లో ఇంగ్లండ్‌లో శవాన్ని దహనం చేయరు. పాతిపెడతారు. దహనం అంటే వింత, చాలామందికి పాపం, చట్టం దృష్టిలో సరేనో కాదో తేలని వ్యవహారం. విక్టోరియా రాణి సర్జన్ సర్ హెన్రీ థాంప్సన్ 1874లో దహన సంస్కారాన్ని ప్రచారం చేసే సంఘం ఒకటి పెట్టాడు. దాని ప్రకటన మీద సంతకం పెట్టినవాళ్లలో 'పంచ్' పత్రిక సంపాదకుడు షర్లీ బ్రూక్స్ ఒకడు. అంటే మన రెజినాల్డ్ తండ్రి! ఆ సంఘం 1879 నాటికి వోకింగ్‌లో దహనశాల కట్టి, ఒక గుర్రాన్ని దహనం చేసి పరీక్షించింది కూడా. కానీ మనుషుల్ని దహనం చేయడానికి అనుమతి రాలేదు. వోకింగ్‌లో మొదటి దహనం 1885 మార్చి దాకా జరగలేదు. అంతకు ఏడాది ముందు, 1884లో, వేల్స్‌కు చెందిన డాక్టర్ విలియం ప్రైస్ తన పసిబిడ్డ శవాన్ని కొండ మీద దహనం చేయబోయి అరెస్టయ్యాడు. ఇతరులకు ఇబ్బంది కలగనంతవరకు దహనం నేరం కాదని ఆ కేసులో జడ్జి తేల్చాడు.

కాబట్టి 1882 సెప్టెంబర్‌లో 'దహనం చేస్తారు' అని రాయడం ఉత్త అలంకారం కాదు. ఇంట్లో తండ్రి నెత్తికెత్తుకున్న వాదం, ఊళ్లో రగులుతున్న చర్చ కొడుకు క్రికెట్ జోకులోకి దూరాయి. ఇంగ్లిష్ క్రికెట్ చచ్చింది, పైగా మన ఆచారం ప్రకారం కూడా కాదు, చట్టానికి అందని పద్ధతిలో కాల్చేసి, మిగిలింది ఎవడో పట్టుకుపోతున్నాడు అన్నది ఆ వెటకారం. మనకు అస్థి సంచయనం తెలుసు, అస్థికలు కుండలో కట్టుకుని గోదావరికో కృష్ణకో తీసుకెళ్లడం తెలుసు. అందుకే తెలుగు పాఠకుడికి 'అస్థికలు తీసుకెళ్తారు' అన్న వాక్యం సహజంగా వినిపిస్తుంది. అక్కడి వాళ్లకు అది షాకు. నిమజ్జనం లేని అస్థికలు అన్నది మాత్రం మనకు వింత. ఇవి ఏ నీళ్లలోనూ కలవలేదు, 140 ఏళ్లుగా ఇంకా ఎవరివో తేలక కొట్టుకుంటున్నారు.

పత్రికలో జోకు మాటగా నిలబడడానికి ఇంకో మనిషి కావాల్సొచ్చింది. అదే సెప్టెంబర్‌లో ఐవో బ్లై నాయకత్వంలో ఒక ఇంగ్లిష్ జట్టు ఆస్ట్రేలియాకు ఓడ ఎక్కింది. 'అస్థికలను వెనక్కి తెస్తాను' అని బ్లై విందు సభల్లో అనడం మొదలుపెట్టాడు. ఆస్ట్రేలియా పత్రికలు దాన్ని అందుకున్నాయి. అక్కడికి వెళ్లే దారిలో కొలంబో దాటాక వాళ్ల ఓడ 'పెషావర్' మరో ఓడను ఢీకొంది, ఫాస్ట్ బౌలర్ ఫ్రెడ్ మోర్లీకి పక్కటెముకలు దెబ్బతిన్నాయి. అయినా సిరీస్ గెలిచారు. మెల్‌బోర్న్‌లో మొదటి టెస్ట్ ఆస్ట్రేలియా 9 వికెట్లతో గెలిచింది. అదే మెల్‌బోర్న్‌లో రెండోది ఇంగ్లండ్ ఇన్నింగ్స్ 27 పరుగులతో గెలిచింది, బిల్లీ బేట్స్ హ్యాట్రిక్‌తో సహా 14 వికెట్లు తీశాడు. సిడ్నీలో మూడోది ఇంగ్లండ్ 69 పరుగులతో గెలిచింది. 2-1.

ఇక్కడ లెక్కలు చూసేవాళ్లు తడబడే చోటు ఒకటుంది. ఆ తరవాత సిడ్నీలోనే నాలుగో మ్యాచ్ ఆడారు, దాన్ని ఆస్ట్రేలియా గెలిచింది. మొత్తం చూస్తే 2-2. మరి అస్థికలు ఎలా తిరిగొచ్చాయి? ఇంగ్లండ్‌లో గెలిచివచ్చిన బిల్లీ మర్డాక్ జట్టుతో మూడు మ్యాచ్‌ల పోరు అని ముందే అనుకున్నారు. నాలుగోది వేరే ఆటగాళ్లను కూడా కలుపుకున్న జట్టుతో అదనంగా ఆడినది. కాబట్టి యాషెస్ లెక్కలో 1882-83 సిరీస్ ఇంగ్లండ్‌ది. ఏ పట్టికలోనైనా 2-2 అని కనిపిస్తే అది తప్పు కాదు, నాలుగో టెస్ట్‌ను కలిపి చూపిస్తున్నారని అర్థం.

ఇప్పుడు కుండ. మెల్‌బోర్న్‌కు బయట సన్‌బరీలో సర్ విలియం క్లార్క్ ఎస్టేట్ రూపర్ట్స్‌వుడ్ ఉంది. అతిథులుగా వచ్చిన ఇంగ్లిష్ జట్టు 1882 క్రిస్మస్ రోజుల్లో అక్కడ సరదాగా ఒక మ్యాచ్ ఆడింది. ఆ ఇంటి ఆడవాళ్లు, లేడీ జానెట్ క్లార్క్, ఆ ఇంట్లో సంగీతం నేర్పే ఫ్లోరెన్స్ మార్ఫీ, 'నువ్వు వెతుక్కుంటూ వచ్చిన అస్థికలు ఇవిగో' అంటూ బ్లై చేతిలో ఒక చిన్న మట్టి పాత్ర పెట్టారన్నది ఎక్కువగా చెప్పుకునే కథ. సిరీస్ గెలిచాక ఇచ్చారని ఇంకో కథనం. ఎప్పుడిచ్చినా, ఇచ్చింది క్రికెట్ బోర్డు కాదు, ప్రభుత్వం కాదు. ఆతిథ్యం ఇచ్చిన ఇంటి ఆడవాళ్లు సరదాకి ఇచ్చిన సొంత కానుక. రెండేళ్లలోపే, 1884 ఫిబ్రవరిలో, బ్లై అదే ఫ్లోరెన్స్‌ను పెళ్లాడాడు. పెళ్లి చూపులకు దగ్గరగా వెళ్లే ఈ వివరం తరవాత ఆ కుండ ఎవరిది అన్న వాదనలో ముఖ్యమవుతుంది, అందుకే చెబుతున్నాను.

దాని సైజు తెలియక చాలామంది కప్పులా పెద్దదనుకుంటారు. ఎత్తు సుమారు 11 సెంటీమీటర్లు. మన ఇళ్లలో కుంకుమ భరిణె కన్నా కొంచెం పొడవు, అంతే. అందరూ దాన్ని 'అర్న్' అంటారు కాబట్టి కుండ అని తెలుగు చేస్తున్నాం కానీ, చూస్తే అత్తరు సీసా ఆకారం. ఒంటి మీద రెండు చీటీలు అంటించి ఉంటాయి. పైన 'ది యాషెస్' అని. కింద 1883 ఫిబ్రవరి 1న 'మెల్‌బోర్న్ పంచ్' పత్రికలో వచ్చిన పాటలోంచి కత్తిరించిన ఆరు పంక్తులు. ఐవో కుండతో తిరిగెళ్తే, జట్టులోని స్టడ్‌లు, స్టీల్, రీడ్, టైల్‌కోట్ తిరిగెళ్తే, ఆకాశం మారుమోగుతుంది అన్నట్టు సాగుతుంది.

లోపల ఏముంది? ఎక్కువగా వినిపించే జవాబు: బెయిల్స్ కాల్చిన బూడిద. వికెట్ల మీద అడ్డంగా పెట్టే చిన్న చెక్కముక్కలు. మరో మాట, బంతి తోలు కాల్చారని. 1998లో బ్లై కోడలు, అప్పటికి 82 ఏళ్లావిడ, అది ఫ్లోరెన్స్ ముసుగు వస్త్రం కాల్చిన బూడిద అంది. అంటే 'క్రికెట్ బూడిద' అన్నదే ప్రశ్నార్థకం. అయితే ఇక్కడ ఒక విషయం గట్టిగా పట్టుకోవాలి: పేరు ముందు పుట్టింది, కుండ తరవాత వచ్చింది. సెప్టెంబర్‌లో జోకు, నాలుగు నెలల తరవాత దానికి ఒళ్లు. 'కుండలో బూడిద ఉంది కాబట్టి యాషెస్ అంటారు' అని రాసేవాళ్లు కారణాన్ని తలకిందులు చేస్తున్నారు. లోపల ఉప్పున్నా పప్పున్నా పేరు మారదు.

1900లో బ్లై డార్న్‌లీ ఎర్ల్ అయ్యాడు. కుండ కెంట్‌లోని ఆయన ఇంట్లో గూట్లో ఉండిపోయింది. 1927లో ఆయన పోయాక భార్య ఫ్లోరెన్స్ దాన్ని లండన్‌లోని లార్డ్స్ మైదానం సొంతదారు మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్ (ఎంసీసీ)కి ఇచ్చింది. లార్డ్స్ మైదానంలో ముందు లాంగ్ రూమ్‌లో పెట్టారు, 1953 నుంచి అక్కడి మ్యూజియంలో ఉంది. అదే ఆస్ట్రేలియన్లకు ఏళ్ల తరబడి ఉన్న కోపం. 1989లో గెలిచి 2005 దాకా ఆస్ట్రేలియా పట్టిన పట్టు వదల్లేదు. 16 ఏళ్లు. అన్నేళ్లూ కుండ లండన్ వదల్లేదు. ఎంసీసీ వాదన రెండు ముక్కలు: ఇది సిరీస్ ట్రోఫీ కాదు, ఒక మనిషికి ఇచ్చిన సొంత కానుక, ఆయన భార్య మాకిచ్చింది. రెండోది, పగుళ్లున్న మట్టి పాత్ర, విమానాల్లో తిప్పలేం. 1988లో ఒకసారి, 2006-07లో ఒకసారి, 2019లో ఒకసారి ఆస్ట్రేలియాకు ప్రదర్శనకు పంపారు. రెండో వాదన సరే, మొదటిదే అసలు వాదన, అదీ సబబైనదే. పెళ్లికి ముందు అమ్మాయి ఇచ్చిన కానుకను బోర్డులు రెండేళ్లకోసారి చేతులు మార్చుకోవడం ఏం బాగుంటుంది?

దీనికి మధ్యేమార్గంగా 1998-99 సిరీస్ నుంచి వాటర్‌ఫర్డ్ క్రిస్టల్‌తో చేసిన పెద్ద నమూనా ఇస్తున్నారు. మొదట అందుకున్నది ఆస్ట్రేలియా కెప్టెన్ మార్క్ టేలర్. టీవీలో కెప్టెన్ బుల్లి మట్టి కుండ పైకెత్తి చూపించడం కనబడితే, అది అసలుది కాదు, నకలు.

మాట మాత్రం వెంటనే అంటుకోలేదు. 1883 తరవాత సుమారు ఇరవై ఏళ్లు అరుదుగానే కనిపిస్తుంది. 1903-04 పర్యటనకు ముందు కెప్టెన్ పెల్హామ్ వార్నర్ అస్థికలు తిరిగి తెస్తానని మాటిచ్చి, తెచ్చి, 1904లో 'హౌ వి రికవర్డ్ ది యాషెస్' అని పుస్తకం రాశాడు. జనం నోట పాత జోకుకు మళ్లీ ప్రాణం పోసింది ఆ పర్యటన, ఆ పుస్తకం. ఆటలో పేర్లు అలాగే నిలబడతాయి. ఎవరో ఒకడు పట్టుబట్టి వాడాలి.

సిరీస్ సమమైతే? అప్పటిదాకా ఎవరి దగ్గరుంటే వాళ్ల దగ్గరే ఉంటుంది. సవాలు చేసే జట్టు గెలిచి తీరాలి, ఉన్నవాడు ఓడకపోతే చాలు. ఇది గుర్తుంటే ఐదు టెస్ట్‌ల సిరీస్‌లో ఎప్పుడు తేలిపోతుందో సిరీస్ మధ్యలోనే లెక్క వేయొచ్చు. గెలుపుకు 1, డ్రాకు అర. యాషెస్ ఉన్న జట్టుకు 2.5 వస్తే అయిపోయినట్టే. లేని జట్టుకు 3 కావాలి. 2023 ఇంగ్లండ్ సిరీస్ తీసుకోండి. యాషెస్ ఆస్ట్రేలియా దగ్గరుంది. ఎడ్జ్‌బాస్టన్‌లో 2 వికెట్లతో, లార్డ్స్‌లో 43 పరుగులతో ఆస్ట్రేలియా గెలిచింది, అంటే 2. హెడింగ్లీలో ఇంగ్లండ్ 3 వికెట్లతో గెలిచింది. మాంచెస్టర్‌లో ఇంగ్లండ్ గట్టి ఆధిక్యంలో ఉండగా వాన మింగేసి డ్రా అయింది. ఆ అరతో ఆస్ట్రేలియాకు 2.5. ఓవల్‌లో ఆఖరి మ్యాచ్ ఇంకా మిగిలి ఉండగానే యాషెస్ ఎటూ కదలవని తేలిపోయింది. ఓవల్‌లో ఇంగ్లండ్ 49 పరుగులతో గెలిచి 2-2 చేసినా లాభం లేకపోయింది. 2019లో కూడా ఇదే లెక్క. నాలుగు టెస్ట్‌లయ్యేసరికి ఆస్ట్రేలియాకు రెండు గెలుపులు, ఒక డ్రా. చివరకు 2-2.

ఈ లెక్కలోకి ప్రపంచ టెస్ట్ ఛాంపియన్‌షిప్ పాయింట్లను లాగకండి. చాలా వాదనలు ఇక్కడే తప్పుదారి పడతాయి. ఆ పట్టికలో గెలుపుకు 12, టైకి 6, డ్రాకు 4. ఓవర్లు నెమ్మదిగా వేస్తే కోత. 2023లో ఇంగ్లండ్‌కు 19, ఆస్ట్రేలియాకు 10 పాయింట్లు కోసేశారు. యాషెస్‌కు దాంతో ఏ సంబంధమూ లేదు. గెలిచిన మ్యాచ్‌లు మాత్రమే చూస్తారు.

'ఉన్నవాళ్ల దగ్గరే' అనే పద్ధతి అన్ని ట్రోఫీలకూ లేదు. 2025లో భారత్, ఇంగ్లండ్ మధ్య ఆండర్సన్-టెండూల్కర్ ట్రోఫీ మొదటి సిరీస్ 2-2 అయితే ఇద్దరూ పంచుకున్నారు. ఆ ఆఖరి మ్యాచ్ కూడా ఓవల్‌లోనే. హైదరాబాదీ సిరాజ్ చివరి రోజు వికెట్లు తీసి 6 పరుగులతో గెలిపించినప్పుడు, అదే మైదానంలో 1882 నాటి 7 పరుగుల మ్యాచ్ తలుచుకోని పాత క్రికెట్ అభిమాని ఉండడు.

ఇంగ్లండ్, ఆస్ట్రేలియా ఆడే ప్రతి టెస్ట్ యాషెస్ కాదు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఇది బాగా గుర్తుంచుకోవాలి. పేరుకు మూలమైన 1882 ఓవల్ టెస్టే యాషెస్ టెస్ట్ కాదు. మొదటి యాషెస్ సిరీస్ 1882-83. దానికి ముందువి, 1877 మెల్‌బోర్న్ మొదటి టెస్ట్‌తో సహా, లెక్కలోకి రావు. 1977లో మెల్‌బోర్న్‌లో, 1980లో లార్డ్స్‌లో ఆడిన శతాబ్ది టెస్ట్‌లు, 1988లో సిడ్నీ ద్విశతాబ్ది టెస్ట్ ఉత్సవ మ్యాచ్‌లు. 1979-80లో మూడు టెస్ట్‌ల సిరీస్‌కు యాషెస్ పణంగా పెట్టడానికి ఇంగ్లండ్ ఒప్పుకోలేదు. 3-0తో ఓడిపోయి కూడా యాషెస్ తన దగ్గరే ఉంచుకుంది! వన్డేలు, టీ20లు ఎన్ని ఆడినా పురుషుల యాషెస్‌తో సంబంధం లేదు. రగ్బీ లీగ్‌లోనూ బ్రిటన్ (2025లో ఇంగ్లండ్), ఆస్ట్రేలియా పోరును యాషెస్ అంటారు, అది క్రికెట్ నుంచి అరువు తెచ్చుకున్న పేరు.

ఇంగ్లండ్ తరఫున ఆడిన మనవాళ్ల ముగ్గురి సంగతి కూడా ఇక్కడే. రంజిత్‌సిన్హ్‌జీ 1896లో మాంచెస్టర్‌లో 62, నాటౌట్ 154. ఆయన సోదరుడి కొడుకు దులీప్‌సిన్హ్‌జీ 1930లో లార్డ్స్‌లో 173. ఇఫ్తిఖార్ అలీ ఖాన్ పటౌడీ 1932లో సిడ్నీలో 102. ముగ్గురూ ఆస్ట్రేలియా మీద తమ మొదటి టెస్ట్‌లోనే సెంచరీ చేశారు. పటౌడీ ఆడినది బాడీలైన్ సిరీస్. కెప్టెన్ జార్డీన్ పుట్టింది బొంబాయిలో. బ్యాట్స్‌మన్ ఒంటిని గురిపెట్టి వేసే బంతులకు లెగ్ సైడు ఫీల్డింగ్‌కు వెళ్లనని పటౌడీ నిరాకరించాడు, రెండో టెస్ట్ తరవాత జట్టులో చోటు పోయింది.

తెలుగులో రాసేవాళ్లకు నాలుగు మాటలు. 'యాషెస్' ఇంగ్లిష్‌లో బహువచనమైనా తెలుగులో సిరీస్ అనే అర్థంలో ఏకవచనంగానే నిలిచింది. 'యాషెస్ మొదలైంది' అనండి. దాన్ని అస్థికలుగా చెప్పుకునేటప్పుడు మాత్రం బహువచనం. 'బూడిద పోరు' అని శీర్షిక పెట్టకండి, పోరు పనికిమాలినది అన్న ధ్వని వస్తుంది. మరీ తెలుగు చేయాలంటే 'అస్థికల పోరు'. ఇక రెండు క్రియలు కలగాపులగం చేస్తారు: తన దగ్గరున్నది పోకుండా చూసుకుంటే 'నిలబెట్టుకుంది', పోయినది మళ్లీ తెచ్చుకుంటే 'తిరిగి దక్కించుకుంది'. 2-2 అయిన 2023 సిరీస్‌కు 'ఆస్ట్రేలియా యాషెస్ గెలిచింది' అని రాస్తే తప్పు. సిరీస్ గెలవలేదు, యాషెస్ నిలబెట్టుకుంది.

మహిళల యాషెస్ వేరే వస్తువు, వేరే లెక్క. 1998లో లార్డ్స్‌లో రెండు జట్ల ఆటగాళ్లు సంతకాలు చేసిన బ్యాట్‌ను కాల్చి, ఆ బూడిదను బోలుగా చెక్కిన చెక్క బంతిలో పెట్టారు. 2013 నుంచి టెస్ట్, వన్డేలు, టీ20లు కలిపి పాయింట్లు ఇస్తున్నారు. 2025లో ఆస్ట్రేలియాలో జరిగిన సిరీస్‌లో టెస్ట్‌కు 4, మూడు వన్డేలకు, మూడు టీ20లకు ఒక్కోదానికి 2 చొప్పున మొత్తం 16. ఆ 16కు 16 ఆస్ట్రేలియా తీసుకుపోయింది.